సైరన్ మోగితే ఇంట్లోకి పోయే ఊరు

ఇరవై ఆరేళ్లు నేను జరగని సంగతులు రాసి జీతం తీసుకున్నాను. కథలు రాసేవాళ్లు చేసేదీ అదే, కాకపోతే వాళ్లకి క్వార్టరూ ఏడాదికో జత బూట్లూ ఎవరూ ఇవ్వరు. నా గది తలుపు మీద ‘విపత్తు నిర్వహణ’ అని హిందీలో రాసుండేది. దాని కింద ఎవరో బొగ్గుముక్కతో తెలుగులో ‘మనకొద్దు’ అని రాశారు. నేను రిటైరయ్యేదాకా దాన్ని చెరపనివ్వలేదు. మా విభాగం గురించి అంతకన్నా నిజాయితీ ఉన్న మాట ఇంకొకటి నా కంటపడలేదు.

మాది బస్తర్ కొండల మీద ఇనుప ఖనిజం తవ్వే గని. దంతెవాడ దాటి ఇంకా లోపలికి రావాలి. పైన తవ్వకం, కింద కాలనీ. కాలనీలో సగం మంది మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్లే. రైలు పట్టాలు వేయడానికి వచ్చి ఉండిపోయిన వాళ్ల పిల్లలు కొందరు, ఆ పట్టాల మీద ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నాలాంటివాళ్లు కొందరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, చుట్టుపక్కల ఊళ్లలో గోండి. నాలుగింటిలో నాకు వచ్చినవి మొదటి రెండే. చుట్టూ ఉన్నవాళ్లని కాపాడే ఉద్యోగం చేస్తూ, వాళ్లతో మాట్లాడడం రాదన్నది లోటే కాదనుకున్నాను చాలాకాలం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి చెప్పను, అవి అందరికీ ఒకేలా ఆలస్యంగా వస్తాయి. ఫైళ్ల గురించి చెప్పను, అవి వాటంతటవే మీ మీద పడతాయి. చేసిన తప్పులు చెబుతాను.

పడవలు ఎక్కడ?

చేరిన నెలకే గనికి ఆపద ప్రణాళిక రాయమన్నారు. మా విభాగం పెద్ద సత్యనారాయణ గారు రాజమండ్రి వైపు మనిషి. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి. నీలంది తాను రాయడానికి, ఎర్రది ఇతరులు రాసింది కొట్టేయడానికి. ఎప్పుడూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఆయన చాలా చిన్న వయసులోనే నిర్ణయం తీసుకున్నారు. దానికి చివరిదాకా కట్టుబడ్డారు.

"కొత్తగా నువ్వు రాసేదేముందయ్యా?" అన్నారు, ఒక లావుపాటి ఫైలు నా ముందుకు తోసి. "సముద్రం ఒడ్డున ఒక ఫ్యాక్టరీ వాళ్లు రాయించుకున్నది. పేర్లు మార్చెయ్. శుక్రవారానికి కావాలి."

శుక్రవారానికి మార్చేశాను. ఆరుగురు అధికారులు సంతకాలు పెట్టారు. నల్ల అట్ట వేయించి, ప్రతి గదిలో ఒకటి పెట్టించాం. నాలుగేళ్లు అది అలాగే ఉంది. అందులో ఏడో అధ్యాయం ఇలా మొదలయ్యేది: ‘ఉప్పెన హెచ్చరిక అందిన వెంటనే పడవలను ఒడ్డుకు చేర్చి కట్టివేయవలెను.’ సముద్రం చూడాలంటే మేము ఒక పగలంతా రైల్లో కూర్చోవాలి.

నాలుగేళ్ల తర్వాత గనికి కొత్త పెద్ద వచ్చాడు. ఠాకూర్ సాబ్ అనేవాళ్లం. బిలాస్‌పూర్ వైపు మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్, నాలుక చివర ఎప్పుడూ ఒక బూతు. వచ్చిన మూడో రోజు నన్ను పిలిపించాడు. బల్ల మీద నల్ల అట్ట పుస్తకం తెరిచి ఉంది.

"పడవలు ఎక్కడున్నాయి?"

"ఏ పడవలు సాబ్?"

"మన పడవలు. ఉప్పెన వస్తే కట్టేయాలట కదా. ఒకసారి చూద్దామని."

నా సర్వీసులో ఆ పుస్తకాన్ని చదివిన మొదటి మనిషి ఆయనే. చదివినందుకు భయపడ్డాను గానీ ఆయన అరవలేదు. ముందుకు వంగి, కిటికీలోంచి ఉమ్మి, "సిగ్గు లేదా?" అని మాత్రం అడిగాడు. ఉంది. అందుకని వెళ్లి ఆ ఒక్క పేజీ చింపేశాను. మిగతా పుస్తకాన్ని ముట్టుకోలేదు. అందులో నేను సొంతంగా రాసినవి రెండే పేజీలు. ఒక పేజీలో మొదటి చర్య: ‘ప్రమాదం గుర్తించిన వెంటనే కంట్రోల్ రూము సైరన్ మోగించవలెను.’ రెండో పేజీలో కొండ కింద ఉన్న ఊరివాళ్లు చేరాల్సిన చోటు: బడి. ఆ బడిని నేను మ్యాపులో చూశాను. మంచి పక్కా భవనమని గుర్తు వేసి ఉంది. ఊరికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. కాలనీ నుంచి జీపులో పావుగంట.

గాయపడాల్సినవాడు టీకి వెళ్లాడు

ఏడాదికి రెండుసార్లు మాక్ డ్రిల్ ఉండేది. ‘బుధవారం ఉదయం పదకొండు గంటలకు ఆకస్మిక ప్రమాదం జరుగును’ అని వారం ముందు నోటీసు అంటించేవాళ్లం. పదిన్నరకే జనం వచ్చి నీడ ఉన్న కుర్చీలు పట్టుకునేవాళ్లు. చివర్లో సమోసాలుండేవి. ఆకస్మిక ప్రమాదాలకి మా దగ్గర హాజరు బాగుండేది.

ఒకసారి డ్రిల్ చూడడానికి దంతెవాడ నుంచి ఒక అధికారి వచ్చాడు. గాయపడినవాడిగా పడుకోవాల్సిన స్టోర్స్ గుమాస్తా, ఎండ ఎక్కువగా ఉందని టీకి వెళ్లాడు. సైరన్ మోగింది. స్ట్రెచర్ పట్టుకుని నలుగురు పరుగెత్తుకొచ్చారు. నేల మీద ఎవరూ లేరు. అధికారి చూస్తున్నాడు. ఏం చేయాలో తోచక, పక్కనే నిలబడి బీడీ కాల్చుకుంటున్న ఒక లారీ డ్రైవర్ని పట్టుకుని స్ట్రెచర్ మీద పడేసి కట్టేశారు. అతను కాళ్లు కొట్టుకుంటూ, "నాకేం కాలేదురా, వదలండ్రా!" అని అంబులెన్సు దాకా అరుస్తూనే ఉన్నాడు. అధికారి నా చేయి పట్టుకుని ఊపేశాడు. ఇంత సహజంగా నటించే క్షతగాత్రుణ్ణి ఏ జిల్లాలోనూ చూడలేదన్నాడు.

ఇది చెప్పుకుని చాలాకాలం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు సగంలో ఆగిపోతుంది. ఆ డ్రిల్లులకి కాలనీ వాళ్లని పిలిచాం, స్కూలు బ్యాండుని పిలిచాం. కింద ఊరివాళ్లని ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే వాళ్లు ఒక మాట అడుగుతారు: మాకు ప్రమాదం ఎక్కణ్నుంచి వస్తుంది, మీ కొండ మీద నుంచేనా అని. ఆ మాటకి జవాబు ఎవరు చెప్పాలో మా పుస్తకంలో లేదు.

వాగు ఆగిన రోజు

కంపెనీ నర్సరీలో మొక్కలకి నీళ్లుపోసే ముత్తమ్మ ఆ కింద ఊరి కోడలు. ఆమె పుట్టిల్లు కోంటా వైపు మరైగూడ. దొర్ల తెగ మనిషి కాబట్టి తెలుగు వచ్చు. అత్తగారి ఊళ్లో గోండి నేర్చుకుంది, నర్సరీలో హిందీ. రోజూ పొద్దున వాగు దాటి పనికి వచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి నేను ఆఫీసు మెట్లెక్కుతుంటే ముత్తమ్మ అక్కడ నిలబడి ఉంది.

"సారూ, వాగు ఆగింది."

"ఆగిందంటే?"

"నిన్న నడుముల దాకా పారింది. పొద్దుగాల జూస్తే చీలమండలు గూడ తడవలే."

"మంచిదే కదా ముత్తమ్మా, తడవకుండా వచ్చావు."

ఆమె నన్ను మందబుద్ధివాణ్ణి చూసినట్టు చూసింది. "ఏంది సారూ మంచిది? వాన కొడతనే ఉంది. వాగెట్ల ఆగుతది? పైన ఏదో అడ్డం పడ్డది."

చూస్తానని చెప్పి లోపలికి వెళ్లాను. వాగుకి అడ్డంగా, ఊరికి పైన, మాది ఒక చిన్న ఆనకట్ట ఉంది. గోడ మీద ఎర్ర గీత గీసి, నీళ్లు ఆ గీత దాటితే హెచ్చరిక ఇవ్వాలని ప్రణాళికలో రాశాం. అక్కడి కాపలా మనిషికి ఫోన్ చేశాను. నిన్న గీతకి బెత్తెడు కింద ఉన్న నీళ్లు ఇప్పుడు నిలువెత్తు కిందికి పోయాయన్నాడు. నాకు ప్రాణం హాయిగా అనిపించింది. లాగ్ పుస్తకంలో ‘నీటిమట్టం తగ్గుముఖం. పరిస్థితి సాధారణం’ అని అందంగా రాసి కింద సంతకం చేశాను.

పదిన్నర ప్రాంతంలో ఎవరో ఫోన్ చేస్తే మాట వినపడలేదు. రేకుల మీద వాన అంత గట్టిగా కొడుతోంది. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఇంత వానలో నీళ్లు తగ్గితే, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయినట్టు? మూడో తరగతి పిల్ల అడగాల్సిన ప్రశ్న. ముత్తమ్మ చెప్పాక, ఇంజనీరింగు డిప్లొమా ఉన్న నాకు రెండున్నర గంటలు పట్టింది.

పెరిగితే ఏం చేయాలో మాత్రమే మేము రాసుకున్నాం. తగ్గడం కూడా కబురేనని మాలో ఎవరికీ తట్టలేదు.

జీపు తీసుకుని, నర్సరీలో ముత్తమ్మని ఎక్కించుకుని, వాగు పైకి వెళ్లాం. ఆనకట్టకి పైన ఒక మలుపు తిరిగాక ఆమె వేలు చూపించింది. మేము ఏళ్ల తరబడి కొండ పక్కన పోసిన మట్టిగుట్ట, సగానికి సగం జారి లోయలో అడ్డంగా పడి ఉంది. దాని వెనక ఎర్రటి చెరువు. మెడల దాకా మునిగి సాల్ చెట్లు నిలబడి ఉన్నాయి. నీళ్లు ఆ మట్టి అంచుకి ఇంకో రెండు మూరల దూరంలో ఉన్నాయి. మట్టి అడుగు నుంచి సన్నగా ఊటలు కారుతున్నాయి.

వాకీటాకీలో సత్యనారాయణ గారితో మాట్లాడాను.

"నీ కళ్లతో చూశావా?" అన్నారు.

"చూస్తున్నాను సార్."

"లోతు కొలిచావా?"

"కొలవాలంటే ఈదాలి సార్."

"తొందరపడకు. ఒక నోట్ పెట్టు. కమిటీ వేద్దాం."

అలాగే సార్ అని కట్టేశాను. ఆయన మీద నాకు కోపం రాలేదు. పొద్దున ఎనిమిదింటికి నేను చేసిందీ అదే, కాస్త మర్యాదగా.

ఠాకూర్ సాబ్ లెక్క

ఠాకూర్ సాబ్ ఆఫీసు అక్కడికి దగ్గర, కొండ మీదే. తడిసిన బూట్లతో లోపలికి వెళ్లి చూసింది చెప్పాను. ముత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగింది.

"ఊళ్లో ఎంతమంది?" అన్నాడు.

"నలభై ఇళ్లు సాబ్."

"ఇళ్లు ఎవడడిగాడు? మనుషులు?"

నాకు తెలియదు. గుమ్మం దగ్గర నుంచి ముత్తమ్మ హిందీలో చెప్పింది, నూట అరవై ఇద్దరని, అందులో ఐదుగురు పనికి వచ్చారని, ఒకామె పుట్టింటికి పోయిందని.

"టైం ఎంతుంది?"

"తెలియదు సాబ్. గంట కావచ్చు, రేపు కావచ్చు."

"నువ్వు చెప్పింది తప్పయితే?"

"ఊరంతా వానలో తడుస్తుంది. మీరు నవ్వులపాలవుతారు."

ఆయన పాన్ ఉమ్మడానికి కిటికీ తెరిచాడు. వాన లోపలికి కొట్టింది. "నవ్వులపాలవడం నాకు కొత్తా? ఈ కుర్చీలో రోజూ అదే పని. వెళ్లు. సంతకం నాది."

ఇంతే. ఆ మనిషితో కలిసి అన్నం తినడానికి ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. నా ఉద్యోగ జీవితంలో చూసిన అన్నిటికన్నా మంచి నిర్ణయం ఆయనదే. పూర్తి సమాచారం అడగలేదు, రాదని తెలుసు కాబట్టి. తప్పయితే ఏం పోతుంది, ఒప్పయితే ఏం పోతుంది అని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. దానికి పుస్తకం అక్కర్లేదు.

కాకపోతే ఆయన కూడా ఒక చిన్న పొరపాటు చేశాడు. నేను బయటికొస్తుంటే ఫోనెత్తి సత్యనారాయణ గారితో, "ఊరు ఖాళీ చేయిస్తున్నాం. తగిన చర్యలు తీసుకోండి" అన్నాడు. నేను విన్నాను. విని జీపెక్కాను. ‘తగిన చర్యలు’ అనే మాట ఎప్పుడైనా మీ చెవిన పడితే అక్కడే ఆగి, ఏ చర్యలో అడగండి. వినేవాడు పుస్తకం తెరుస్తాడు.

కూత

జీపు దిగువకి పోతుంటే ముత్తమ్మ అడిగింది. "మావోళ్లను ఎక్కడికి తీస్కపోతరు?"

"బడికి. ప్రణాళికలో అలా ఉంది."

"బడి వాగు ఒడ్డు మీదనే గదా సారూ."

మ్యాపులో నేను చూసింది బడిని, వాగుని కాదు.

"ఇప్పచెట్ల గడ్డ మీదికి పోవాలె. ఇంకోటి. కూత మాత్రం ఏయనీయకు."

"ఏ కూత?"

"కొండ మీద పేలుళ్లప్పుడు ఏస్తరు గదా. కూత ఇంటే మావోళ్లు ఇండ్లళ్లకు పోయి తలుపేస్కుంటరు. మీ కంపినోళ్లే జెప్పిన్రట, రాళ్లు ఎగిరొస్తయని. నేను కాపురానికి రాక ముందుకెల్లి అంతే."

రోజూ మధ్యాహ్నం రెండింటికి గనిలో పేలుళ్లుండేవి. వాటి ముందు సైరన్ వేసేవాళ్లం. అది వేరే విభాగం పని. ఊరివాళ్లకి వాళ్లు ఏం చెప్పారో నాకు తెలియదు, నేను అడగలేదు. అదే సైరన్, అదే మోత. ఒక విభాగం అది వినగానే ఇంట్లోకి పొమ్మని నేర్పింది. ఇంకో విభాగం, అంటే నేను, అది వినగానే బయటికి రమ్మని పుస్తకంలో రాసుకున్నాను, ఊరివాళ్లకి చెప్పకుండా.

వాకీటాకీ నొక్కాను. మధ్యలో కొండ అడ్డం. గరగర తప్ప ఏమీ రాలేదు.

డ్రైవర్ అన్నాడు, "వెనక మలుపు దాకా వెళ్తే సిగ్నల్ దొరుకుతాదండి. మిమ్మల్ని దింపి ఎల్లి వచ్చేస్తాను. పది నిమిషాలు."

ఊళ్లో నడవలేని ముసలివాళ్లున్నారు. జీపు ఒక్కటే ఉంది. సైరన్ వేయమని ఎవరూ చెప్పలేదు కదా, ఎందుకు వేస్తారు అనుకున్నాను. "వద్దు, పద" అన్నాను. చెప్పింది నేనే. ఆరేళ్ల కిందట పుస్తకంలో, ఒకటో నంబరు వేసి, కింద గీత గీసి మరీ చెప్పాను.

ఊళ్లో ముత్తమ్మ ఇల్లిల్లూ తిరిగి గోండిలో అరిచింది. నా యూనిఫాం చూసి జనం కదల్లేదు. ఒకాయన ముత్తమ్మతో ఏదో అన్నాడు. ఏమిటని అడిగితే చెప్పింది, "భూమి కోసం ఖాళీ చేపిస్తన్నరా అంటాండు." అనుమానం అన్యాయమైనదేమీ కాదు. ఆమె అతని మీద విరుచుకుపడింది. తర్వాత నాకు తెలుగులో చెప్పింది: "నేను కంపిని మనిషినా, మీ కోడలినా అని అడిగిన." అప్పుడు కదిలారు. ఒక ముసలామె కోళ్లన్నీ బుట్టకింద చేరేదాకా రానంది. నేను కోళ్లు పట్టాను. విపత్తు నిర్వహణలో నేను నిజంగా చేసిన మొదటి పని అదే, మూడు పట్టగలిగాను.

ముత్తమ్మ మామగారు హుంగా. ముసలాయన, చెవులు దాదాపు వినపడవు. జీపెక్కమంటే ఇన్నేళ్లూ ఎక్కలేదు, ఇప్పుడేంటని చేయి విదిలించాడు. కర్ర పట్టుకుని అందరి వెనక నడిచాడు. గడ్డ మీదికి దారి నిట్టనిలువు. ముందు వరస పైకి చేరుతోంది. వెనక వరస చివరి ఇళ్లు దాటుతోంది.

అప్పుడు సైరన్ మోగింది.

జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒక్క క్షణమే. తర్వాత అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఇళ్ల వైపు పరుగు తీశారు. ఏళ్ల తరబడి మేము నేర్పింది ఎంత బాగా వచ్చిందో అప్పుడు చూశాను. మా డ్రిల్లుల్లో ఏనాడూ అంత క్రమశిక్షణ లేదు.

ముత్తమ్మ దారికి అడ్డంగా చేతులు చాపి నిలబడి గొంతు చిరిగేలా అరిచింది. దొరికినవాళ్లని దొరికినట్టు పైకి తోసింది. నేనూ తోశాను. నాకు గోండి రాదు. తెలుగులో, హిందీలో, నోటికొచ్చిన బూతుల్లో అరిచాను. ఒక్కొక్కరే మళ్లీ పైకి తిరిగారు.

హుంగాకి ఆమె అరుపు వినపడలేదు. ఆయన చెవికి అందే చప్పుడు ఆ ఊళ్లో సైరన్ ఒక్కటే. నిదానంగా వెనక్కి నడిచి, దగ్గర్లో ఉన్న ఇంట్లోకి, అది ఆయన ఇల్లు కూడా కాదు, దూరి తలుపు వేసుకున్నాడు. ముత్తమ్మ కిందికి పరుగెత్తింది. నేను ఆమెను పట్టుకున్నాను. మణికట్టు మీద కొరికింది. వదల్లేదు. పైనుంచి చప్పుడు వినిపిస్తోంది, లారీలన్నీ ఒకేసారి రాళ్లు దింపినట్టు. ఎర్ర బురద మలుపు తిరిగి వచ్చింది. ఆ ఇల్లూ, ఇంకా కొన్ని ఇళ్లూ కనపడకుండా పోయాయి. బడి కప్పు మాత్రం కనపడింది.

మిగతా అందరూ గడ్డ మీద ఉన్నారు.

విచారణలో ఏం తేలింది

కంట్రోల్ రూములో సైరన్ వేసినవాడు సింహాచలం. పాలకొండ దగ్గరివాడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసేవాడు. మర్నాడు నా గదికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాడు.

"సత్యనారాయణ గారు పుస్తకం తియ్యమన్నారండి. ఒకటో నంబరు సైరనని రాసున్నాది. ఏసినాను. నానేటి తప్పు సేసినాను బాబూ?"

"నువ్వేం చేయలేదు సింహాచలం. నేను రాసినట్టే చేశావు."

పై నుంచి ముగ్గురితో విచారణ కమిటీ వచ్చింది. మట్టిగుట్ట అంత ఎత్తు ఎవరు పోయించారన్న ప్రశ్నని తేలిగ్గా దాటేశారు, అది వేరే కమిటీ చూస్తుందట. ఆ వేరే కమిటీని నేనింతవరకు చూడలేదు. ప్రణాళిక ఉందా అని అడిగారు. ఉంది. అందులో ఉన్నట్టు చేశారా? చేశారు. సైరన్ వేశారా? వేశారు. పుస్తకం తెరిచాక ఎన్ని నిమిషాల్లో? నాలుగు. వాళ్ల ముఖాలు వికసించాయి.

"అయ్యా, ఆ సైరనే ఆయన్ని చంపింది" అన్నాను. సంగతంతా చెప్పాను. ఎనిమిదింటికి నేను రాసిన ‘పరిస్థితి సాధారణం’ కూడా తెరిచి చూపించాను. శ్రద్ధగా రాసుకున్నారు. నివేదిక వచ్చాక చదివాను. ప్రణాళికను అక్షరాలా అమలు చేసినందుకు సత్యనారాయణ గారికి ప్రశంస. చివర ఒక సూచన: మరింత దూరం వినిపించే సైరన్ కొనవలెను.

కొన్నారు కూడా.

ఒక్క పేజీ

నెల తర్వాత ముత్తమ్మ పనికి వచ్చింది. నేను నర్సరీకి వెళ్లి నిలబడ్డాను.

"కూత వేయమని పుస్తకంలో రాసింది నేనే" అన్నాను.

"ఎరుకనే. సింహాచలం జెప్పిండు." ఆమె మొక్కలకి నీళ్లు పోస్తూనే ఉంది. తర్వాతి వరసకి జరిగి అడిగింది, "మరి ఇప్పుడేం రాస్తవు?"

"తెలియదు."

"ఊరికి రా. ఆడ కూసోని రాయి."

ఆ చలికాలమంతా ఆదివారాలు ఊరికి వెళ్లాను. మొదటి రెండు వారాలు నాతో ఎవరూ మాట్లాడలేదు. మూడో వారం కోళ్ల ముసలామె చెంబుతో నీళ్లిచ్చింది. వాగు ఎప్పుడు ఎలా పారుతుందో, ఏ రంగు దేనికి గుర్తో, ఎవరు నడవలేరో, ఎవరికి వినపడదో వాళ్లు చెప్పారు, ముత్తమ్మ తెలుగు చేసింది. పెద్దలు వాదించుకుని వాదించుకుని తేల్చింది ఇది: ఊరు కదలాలంటే డోలు కొట్టాలి. డోలు మోగితే గడ్డకి, కూత మోగితే ఇంటికి. వినపడనివాళ్ల చేయి ఎవరు పట్టుకోవాలో పేరుపేరునా రాశాం. వాగు పెరిగినా, తగ్గినా, రంగు మారినా, దాన్ని రోజూ దాటే ఆడవాళ్లలో ఏ ఇద్దరు చెప్పినా డోలు కొట్టాలి. కంపెనీని అడగక్కర్లేదు. వాళ్లు కదిలారని తెలిస్తే కంపెనీ కింద రోడ్డు మీద లారీలు ఆపాలి. మొత్తం ఒక్క పేజీ.

సత్యనారాయణ గారు ఎర్ర పెన్ను తీశారు. "నర్సరీ కూలీలు చెబితే లారీలు ఆపాలా? రేపు సరదాకి ఆపిస్తే?"

"ఆగుతాయి సార్."

"దీనికి జవాబుదారీ ఎవరు?"

ఠాకూర్ సాబ్ ఆ కాగితం లాక్కుని సంతకం గీకేశాడు. జవాబుదారీ గురించి ఆయన అన్నది అచ్చు వేయడానికి పనికిరాదు.

వృథా అయిన రోజు

రెండేళ్ల తర్వాత, మళ్లీ వానాకాలంలోనే, ఒక ఉదయం ఊళ్లో డోలు మోగింది. ముత్తమ్మా, ఇంకొకామే వాగు తగ్గిందన్నారు. నేను వెళ్లేసరికి ఊరంతా గడ్డ మీద ఉంది. లారీలు ఆపించాం. సాయంత్రం దాకా వాన. సాయంత్రం తేలింది, పైన ఒక పెద్ద చెట్టు కూలి వాగుకి అడ్డం పడిందట. దానంతటదే కొట్టుకుపోయింది. వాగు నిండుగా, బుద్ధిగా పారింది. ఏమీ జరగలేదు.

మర్నాడు నన్ను సంజాయిషీ అడిగారు: ఒక రోజు పని ఎందుకు వృథా అయింది? ఠాకూర్ సాబ్ అప్పటికి బదిలీ అయి వెళ్లిపోయాడు. ‘ఏమీ జరగనందువల్ల’ అని ఒక్క వాక్యం రాసి పంపాను. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీకూ ఆగుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు ఊరిని కదిలిస్తే దండ వేస్తారు. రానప్పుడు కదిలిస్తే సంజాయిషీ అడుగుతారు. వచ్చేదేదో రానిదేదో ముందే తెలిసే ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, మీకూ ఇవ్వరు. పదిసార్లు ఉత్తినే కదిలించడానికి సిగ్గు లేనివాళ్లే ఇందులో ఉండాలి.

ఆ సాయంత్రం గడ్డ మీద నుంచి దిగేముందు ముత్తమ్మ ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టింది. రెండుసార్లు పెట్టింది. ఒక్కరూ తక్కువ కాలేదు. అప్పుడు మొదలైంది. వండిన అంబలి పాడైందని ఒకామె, ఎండబెట్టిన మిరపకాయలు తడిశాయని ఒకాయన, కోళ్లు చెదిరిపోయాయని ముసలామె, చివరికి మూడేళ్ల పిల్ల కూడా నా వైపు వేలు పెట్టి చూపిస్తూ తిట్టడం మొదలుపెట్టారు.

"ఏమంటున్నారు ముత్తమ్మా?" అన్నాను.

"ఎందుకులే సారూ, మంచి మాటలు గావు" అంది. కాసేపు విని, కొంగు తల మీదికి లాక్కుంటూ చెప్పింది. "మల్లెప్పుడన్న డోలు గొడితే, ముందుగాల గొడుగు తీస్కోని రమ్మంటాన్రు నిన్ను."